కృష్ణబిలంలో 'అనంతం' అంటే ఏంటి?

కృష్ణబిలం మధ్యలో ఏముంటుంది? పోటీ పరీక్షల గైడ్లలో జవాబు ఒక్క లైనే: 'సింగ్యులారిటీ, అక్కడ సాంద్రత అనంతం'. బిట్టుకు మార్కు పడుతుంది, సరే. కానీ ఆ 'అనంతం' అన్న మాట దగ్గర కాస్త ఆగండి.

మీరు రాసిన ప్రోగ్రామ్‌లో ఓ సంఖ్యను సున్నాతో భాగిస్తే ఎర్రర్ వస్తుంది. దాన్ని ఆన్సర్ అనుకోరుగా! సింగ్యులారిటీని కూడా చాలామంది శాస్త్రవేత్తలు అలాగే చూస్తారు. 1915 నాటి ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం అక్కడిదాకా వచ్చి చేతులెత్తేసిందని అర్థం. కూలిపోయే నక్షత్రం చక్కగా గుండ్రంగా లేకపోయినా ఈ చిక్కు తప్పదని 1965లో రోజర్ పెన్‌రోజ్ గణితంతో చూపించారు. 2020 ఫిజిక్స్ నోబెల్‌లో సగం ఆయనకు దక్కింది కృష్ణబిలాలపై ఈ పనికే.

అంత ఇరుకు చోట ఏం జరుగుతుందో తేల్చాలంటే క్వాంటమ్ మెకానిక్స్ కూడా కావాలి. మీ ఫోన్‌లో చిప్ దానిమీదే నడుస్తుంది. జీపీఎస్ సరిగ్గా చూపాలంటే సాపేక్ష సిద్ధాంతం తప్పదు. విడివిడిగా రెండూ సూపర్. కృష్ణబిలంలో కలిపితే మాత్రం పొసగవు. కృష్ణబిలం సన్నగా రేడియేషన్ వదులుతూ ఎప్పటికో ఆవిరైపోవచ్చని 1974లో స్టీఫెన్ హాకింగ్ అన్నారు. మరి లోపల పడినవాటి సమాచారం ఏమైనట్టు? అది పోకూడదంటుంది క్వాంటమ్ రూల్. పోతుందంటుంది హాకింగ్ లెక్క. ఈ తగువు ఇంకా తెగలేదు. పోనీ కొలిచి చూద్దామంటే, సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత పరమశూన్యం కన్నా డిగ్రీలో కోటో వంతు కూడా ఎక్కువ ఉండదు. పట్టుకునేదెలా?

'ఇదంతా ఐన్‌స్టీన్ల గొడవ, మాకెందుకు' అంటారా? ఎం87 గెలాక్సీ కృష్ణబిలం ఫొటో చూసే ఉంటారు, 2019 ఏప్రిల్ 10న విడుదలైంది. దానికోసం 2017లో ఎనిమిది రేడియో టెలిస్కోపులు సేకరించిన డేటా పెటాబైట్లలో ఉంది. నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కుల్ని విమానాల్లో మోశారు. దక్షిణ ధ్రువం డిస్కుల కోసమైతే అక్కడ చలికాలం పోయేదాకా నెలల తరబడి ఎదురుచూశారు! తర్వాత నాలుగు టీములు ఒకరి పని ఒకరికి తెలియకుండా చిత్రాన్ని తయారుచేశాయి. వలయం కనిపించాలన్న ఆశే వలయాన్ని చూపిస్తుందేమోనని వాళ్ల భయం. నాలుగింటిలోనూ వలయమే వచ్చింది. ఇందులో సగం పని మీ సిలబస్‌లోని సిగ్నల్ ప్రాసెసింగ్, కోడింగే.

మన పొరుగున మహారాష్ట్ర హింగోలి జిల్లాలో లైగో-ఇండియా రాబోతోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ రూ.2,600 కోట్లతో ఆమోదించింది. లేజర్లు, వ్యాక్యూమ్, కంట్రోల్ సిస్టమ్స్, డేటా... ఇంజినీర్లు లేకుండా ఇది నడవదు. అప్పటిదాకా ఆగక్కర్లేదు. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టి, 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగోకు చిక్కిన గురుత్వ తరంగాల డేటా నెట్‌లో ఫ్రీగా ఉంది. పైథాన్‌లో నాయిస్ ఫిల్టర్ చేసి చూడండి. సెకనులో ఐదో వంతు పాటు తరంగం పైపైకి లేచి, టక్కున ఆగిపోతుంది.