తొందరలేని దీవికి... తొలి పడవ!

దీవికి విహారయాత్ర అనగానే ఏం గుర్తొస్తుంది? బాలి, శ్రీలంక, అండమాన్... ఎగసిపడే అలలు, వాటిపై పలకలేసుకుని జారే కుర్రకారు. ఆ వెంటనే విమానం టిక్కెట్టూ హోటల్ బిల్లూ కూడా గుర్తొచ్చి ఉత్సాహం నీరుగారిపోతుంది. కానీ తిరుపతి వాసులకు బస్సు, ఆటో, పడవ... ఈ మూడూ ఎక్కితే అందే దీవి ఒకటుంది. పులికాట్ సరస్సులోని ఇరకం. అక్కడ సర్ఫింగ్ లేదు. హడావుడి అంతకన్నా లేదు!

నాలుగు రోజుల్లో పది ఊళ్లు చుట్టేయడం కాదు, ఒక్కచోటే నింపాదిగా ఉండి అక్కడి తిండి తిని, అక్కడివాళ్లతో మాట్లాడి రావడం... దీన్నే ఇప్పుడు ‘స్లో ట్రావెల్’ అంటున్నారు. 1986లో రోమ్ నగరంలో ఫాస్ట్‌ఫుడ్ దుకాణం రావడాన్ని నిరసిస్తూ ఇటలీలో ‘స్లో ఫుడ్’ ఉద్యమం మొదలైంది. తిండి దగ్గర పుట్టిన ఆ ఆలోచనే తర్వాత ప్రయాణాలకూ పాకింది. ఖర్చు తగ్గడం ఇందులో అదనపు లాభం.

నీళ్ల మధ్య రోడ్డు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్లూరుపేట చేరడంతో యాత్ర మొదలవుతుంది. 2022లో జిల్లాల పునర్విభజనతో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన ఊరిది. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంటుంది. ఆ గుడికి తలుపులు మూసే ఆచారం లేదు. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలూ ఇక్కడికే వచ్చి దండం పెట్టుకుంటారు.

ఇక్కణ్నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు రెండువైపులా సరస్సే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక నీళ్లు నిండుతాయి, పక్షులు దిగుతాయి. తెల్లవారగానే వెళితే మోకాలిలోతు నీళ్లలో తలలు ముంచి మేత వెతుక్కునే ఫ్లెమింగోలను రోడ్డు మీద నుంచే చూడొచ్చు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్లపై గూళ్లు కడతాయి. వాటి రెట్టలతో ఎరువైన చెరువు నీరు పైరుకు బలమని అక్కడి రైతుల నమ్మకం. అందుకే పక్షులకు హాని చేయనివ్వరు.

మరి అలలో? అవి శ్రీహరికోటకు తూర్పున, బంగాళాఖాతం వైపు! ఆ దీవి షార్ కేంద్రానిది కావడంతో అనుమతి లేనిదే అడుగుపెట్టలేం. 1971 అక్టోబరు 9న మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరిందక్కడే. 2019 నుంచి ప్రయోగాలు చూసేందుకు గ్యాలరీ ఏర్పాటు చేశారు. ముందే పేరు నమోదు చేసుకోవాలి.

పడవే బస్సు

ఇరకం వెళ్లాలంటే తడ దగ్గరి భీములవారిపాలెంలో పడవ ఎక్కాలి. ఆ పడవ పర్యాటకుల కోసం పుట్టింది కాదు. బియ్యం బస్తాలూ, కూరగాయల గంపలూ, పట్నంలో పని చూసుకుని వచ్చేవాళ్లూ... అందరితోపాటే మనమూ. దీవిలో తెలుగూ తమిళమూ కలిసి వినిపిస్తాయి. పొద్దున వలలు విదిలిస్తున్నవాళ్లతో నాలుగు మాటలు, మధ్యాహ్నం వేడివేడి అన్నంలోకి చేపల పులుసు, సాయంత్రం చెట్టునీడన పడవ కోసం ఎదురుచూపు... కార్యక్రమం అంతే!

అయితే మనకు విహారమైన ఆ నిదానమే దీవివాసులకు కష్టం కూడా. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే పడవ కట్టాల్సిందే.

పూడుతున్న బతుకు

పులికాట్ లోతు చాలాచోట్ల మీటరుకు అటూఇటూ. సముద్రపు నీరు లోపలికి వచ్చే ముఖద్వారాలు ఇసుకమేట వేస్తే ఉప్పునీరూ మంచినీరూ కలవవు. ఆ రెండూ కలిస్తేనే రొయ్యా, పీతా, చేపా పెరిగేది. వేసవిలో సరస్సు ఎండి, నేల బీటలువారిన చోట వల వేసేదెవరు? ఏడాదంతా సరస్సును నమ్ముకున్న జాలరి కూలిపనికి బస్సెక్కుతాడు. వాకాడు వైపు రాయదొరువు దగ్గర పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే.

2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైంది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ మూడు రోజులూ జనం కిటకిటలాడతారు. కానీ మామూలు రోజున వెళ్లిన యాత్రికుడు పడవకిచ్చే ఛార్జీ, భోజనానికిచ్చే డబ్బు నేరుగా సరస్సును నమ్ముకున్న ఇంటికే చేరతాయి.

వెళ్లేముందు...

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. బస సూళ్లూరుపేటలో.

* పడవెక్కేముందే ఛార్జీ, తిరుగు పడవ సమయం కనుక్కోవాలి.

* లోతు తక్కువని అలక్ష్యం వద్దు. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ లేకుండా, కిక్కిరిసిన పడవలో ఎక్కొద్దు.

* ఫొటో కోసం పక్షుల్ని బెదరగొట్టొద్దు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చేయాలి.

సాయంత్రం పడవ కాస్త ఆలస్యమైతే కంగారు పడక్కర్లేదు. ఎర్రబడిన నీళ్ల మీదుగా గూళ్లకు మళ్లే పక్షుల్ని చూస్తూ కూర్చోవచ్చు. ఇంతదూరం వచ్చింది అందుకేగా!