మలుపులో వినిపించే టకటక

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై పాత మారుతీలు, శాంత్రోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఉద్దానం పల్లెల నుంచి డయాలసిస్‌కు వెళ్ళే రోగులను, విశాఖ ఆస్పత్రులకు చేరవలసిన గర్భిణులను, పండుగకు పుట్టింటికి వచ్చే ఆడపడుచులను అవే మోస్తున్నాయి. కొత్త కారు కొనే స్థోమత లేని కుటుంబానికి అటువంటి బండి పెద్ద ఆసరా. ఆ ఆసరా అర్ధరాత్రి నడిరోడ్డు మీద చేయి వదలకూడదంటే, దాని ముందు చక్రాల వెనుక దాగి ఉన్న ఒక భాగం గురించి మనం తెలుసుకోవాలి. మెకానిక్కులు దానిని సీవీ జాయింట్ అంటారు.

ఏమిటీ జాయింట్?

అంబాసిడర్, పద్మిని వంటి వెనుకటి కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో ముందు చక్రాలే బండిని లాగుతాయి. తరువాత మన ఇళ్ళకు వచ్చిన ఆల్టో, శాంత్రో, వ్యాగనార్ల తీరూ అదే. ముందు చక్రం ఒకవైపు బండిని లాగాలి, మరోవైపు స్టీరింగు ఎటు తిప్పితే అటు తిరగాలి, గుంతల్లో పైకీ కిందికీ కదలాలి. గేరుబాక్సు నుంచి చక్రానికి వెళ్ళే ఇనుప షాఫ్టు ఎంత వంగినా చక్రం ఒకే వేగంతో తిరగాలి. పాతకాలపు శిలువ ఆకారపు జాయింటు వంగినప్పుడు వేగం ప్రతి చుట్టులోనూ హెచ్చుతగ్గులవుతుంది. ఫోర్డ్ సంస్థలో పనిచేసిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ షెప్పా 1920లలో ఈ సమస్యకు పరిష్కారం చూపారు. గాళ్ళలో దొర్లే ఆరు ఉక్కు గుండ్లే ఆ జాయింటుకు ప్రాణం. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారు దానిని సామాన్య కుటుంబాల చెంతకు చేర్చింది.

ఒక్కో షాఫ్టుకు రెండు జాయింట్లు ఉంటాయి. ఒకటి చక్రం వైపు, మరొకటి గేరుబాక్సు వైపు. అంటే మన కారులో మొత్తం నాలుగు.

అరుగుదలకు మూలం

ఉక్కు గుండ్లు అంత సులభంగా అరగవు. వాటి ఆయువు వాటిపై కప్పిన రబ్బరు బూటుపైనా, లోపలి గ్రీజుపైనా ఆధారపడి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు బిరుసెక్కి మడతల దగ్గర చిట్లుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ చీలిక గుండా గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుకా నీరూ లోపలికి చేరతాయి. నాగావళి, వంశధార ఒడ్డుల ఇసుక బాటలు, కళింగపట్నం వైపు వీచే ఉప్పుగాలి, తుపాను రోజుల్లో రోడ్డుమీద నిలిచే నీరు మా జిల్లా బండ్లకు నిత్య పరీక్షలే. ఇసుక కలిసిన గ్రీజు కందెనగా పనిచేయదు, సానరాయిలా గాళ్ళను తినేస్తుంది.

గుర్తించడం ఎలా?

మొదట కంటితో చూడాలి. స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి ఇంజను ఆపి, చక్రం వెనుక భాగాన్ని టార్చి వెలుగులో పరిశీలించాలి. రిమ్ము లోపలి అంచున నల్లని గ్రీజు చిమ్మిన మరకలుంటే బూటు చిరిగిందని అర్థం.

తరువాత చెవితో వినాలి. మనుషులు, పిల్లలు లేని ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, బండిని మెల్లగా గుండ్రంగా నడపాలి. చక్రం తిరిగే వేగానికి తగినట్లు టకటకమని వినిపిస్తే చక్రం వైపు జాయింటు అరిగినట్లే. కుడికి తిప్పినప్పుడు వచ్చే చప్పుడు ఎక్కువగా ఎడమ చక్రానిది, ఎడమకు తిప్పినప్పటిది కుడి చక్రానిది. తిన్నని దారిలో వేగం పెంచేటప్పుడు బండి వణికితే గేరుబాక్సు వైపు జాయింటును అనుమానించాలి.

ప్రతి చప్పుడూ దీనిదే అనుకోరాదు. తిన్నని రోడ్డుపై కూడా వేగంతోపాటు పెరిగే హోరు చక్రం బేరింగుది కావచ్చు. గుంతలో పడినప్పుడు మాత్రమే వచ్చే దెబ్బ సస్పెన్షనుది కావచ్చు. ఈ తేడా ముందే చెప్పగలిగితే మెకానిక్కు శ్రమ, మన డబ్బు రెండూ మిగులుతాయి.

ఏమి చేయించాలి?

బూటు చిరిగినా చప్పుడు ఇంకా మొదలవకపోతే అదృష్టమే. వెంటనే జాయింటు విప్పించి శుభ్రం చేయించి, గాళ్ళు అరగలేదని నిర్ధారించుకున్నాక, కొత్త బూటు, కొత్త క్లిప్పులు, దానికి తగిన గ్రీజు వేయిస్తే సరిపోతుంది. చప్పుడు మొదలైతే మాత్రం గ్రీజు నింపి లాభం లేదు. అరిగిన ఉక్కు మళ్ళీ పెరగదు. జాయింటునైనా, షాఫ్టునైనా మార్చవలసిందే. షాఫ్టు బిగించేటప్పుడు చివరి నట్టు కొత్తది వేయమని, గేరుబాక్సు సీలు, ఆయిలు మట్టం చూడమని అడగాలి. తీసిన పాత భాగాన్ని, బిల్లును తప్పక తీసుకోవాలి.

టకటకలాడే జాయింటు ఈరోజే విరుగుతుందని కాదు. కానీ ఏదో ఒకనాడు విరిగితే ఇంజను తిరుగుతున్నా బండి కదలదు. అప్పుడు గేరులో పెట్టినా బండి నిలవదు. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. రోగిని తీసుకెళ్తుండగా ఆ గడియ వస్తే ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అమ్మేటప్పుడు

కొందరు ఈ చప్పుడు మొదలుకాగానే మరమ్మతు మాని, బండిని అమ్మకానికి పెడతారు. చూడవచ్చినవారిని తిన్నని రోడ్డుపైనే తిప్పి పంపిస్తారు. మదీనా బజారులో ధాన్యపు రాశి అడుగున తడి దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంగతి మనకు తెలుసు. మలుపులో వినిపించే చప్పుడును దాచడమూ ఆ తడిని దాచడం వంటిదే. లోపం చెప్పి ధర తగ్గించుకుంటే పోయేది కొంత సొమ్ము. దాచి అమ్మితే కొన్న కుటుంబం ప్రాణాలే పణమవుతాయి. కొనేవారు కూడా మొహమాటపడకుండా బండిని ఖాళీ స్థలంలో రెండువైపులా పూర్తిగా తిప్పి వినాలి.

కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆపైన 5 ఏళ్ళకోసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. అంతవరకూ ఆగనవసరం లేదు. ఇంజను ఆయిలు మార్చిన ప్రతిసారీ నాలుగు బూట్లనూ చూడమని మెకానిక్కును కోరదాం. దానికి పట్టేది ఐదు నిమిషాలే.