కాలినడకను యానాము

చిలకలూరిపేటలో పుట్టి పెరిగినవారికి ఈశాన్యదిక్కున కొండవీటి కొండలు చిన్ననాటినుండి పరిచితములు. ఆ కోటను రెడ్డిరాజులు పాలించిరనియు, తరువాత గజపతులకు, విజయనగర ప్రభువులకు, గోలకొండ సుల్తానులకు వశమయ్యెననియు మన పెద్దలు చెప్పుకొనుచుందురు. 1752 మొదలు కొన్ని యేండ్లు ఆ కోటమీద ఫ్రెంచివారి అధికారము సాగినదని చెప్పువారు మాత్రము తక్కువ. మరుసటి యేట, అనగా 1753లో, హైదరాబాదు సుబేదారగు సలాబతుజంగు తనకు తోడ్పడిన బుస్సీకి ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను గూడ ఒప్పగించెను. తెలుగు కోస్తా చాలవరకు ఆనాడు ఫ్రెంచివారి చేతిలో నుండెను.

ఆ వైభవము ఆరేండ్లు నిలువలేదు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఇంగ్లీషువారికి ఓడిరి. 1759 ఏప్రిలులో బందరు కోట పడిపోయెను. తుదకు తెలుగుదేశమున వారికి మిగిలినవి రెండే: బందరులో ఫ్రెంచిపేట యను కొద్దిపాటి స్థలము, గౌతమి యొడ్డున యానాము. ఫ్రెంచిపేటను 1947లో మనకు వదలివేసిరి. యానాములో మఱి యేడేండ్లు నిలిచిరి.

నేను యానాము వెళ్లుటకు ఈ చరిత్ర యొక్కటే కారణము కాదు. మా తాతగారు కోనసీమనుండి పొగాకు వ్యాపారమునకై పేటకు వచ్చి స్థిరపడినవారు. మా నాయనమ్మకు తొమ్మిదవ యేట, 1936లో, పెండ్లి అయినది. "నా పెండ్లి ఫ్రెంచివారి ఊళ్లో జరిగినదిరా" అని ఆమె మాతో అనుచుండెడిది. పిల్లలమైన మాకు అదియొక గొప్పగా తోచెడిది. ఎందుకు అక్కడ జరిగినదో పెద్దవాడనైన తరువాతగాని నాకు తెలియలేదు. ఆ ఊరిని నాలుగు దినములు తీరికగా నడచి చూడవలెనని అప్పుడే అనుకొంటిని.

పేటనుండి గుంటూరు, బెజవాడ మీదుగా రావులపాలెము చేరి, అచ్చటినుండి కోనసీమలో ప్రవేశించితిని. అమలాపురము, ముమ్మిడివరము దాటినపిమ్మట ఎదుర్లంకవద్ద గౌతమి అడ్డము వచ్చును. పూర్వము పడవపై దాటెడివారు. ఇప్పుడు బాలయోగిగారి పేర పెద్ద వంతెన యున్నది. నేను బస్సు దిగి వంతెనను నడచియే దాటితిని. ఆవలి యొడ్డున అడుగు పెట్టగానే అది ఆంధ్రప్రదేశము కాదు, పుదుచ్చేరి ప్రాంతము. అయినను మాట మారదు, మన్ను మారదు, కొబ్బరిచెట్టు మారదు. మారునవి బండ్లమీది సంఖ్యాఫలకములు, అంగళ్లలో కొన్ని సరకుల ధరలు మాత్రమే.

మొదటి దినమంతయు నదీతీరముననే గడపితిని. గౌతమినుండి కోరంగి పాయ చీలుచోట ఈ ఊరున్నది. సముద్రమునకు చేరువ, లోపలి గ్రామములకు పడవదారి. వర్తకునికి ఇంతకన్న కావలసినదేమి? ఫ్రెంచి వర్తకసంఘమువారు 1723లో ఇక్కడ మొదట స్థావరము పెట్టిరి. లాభము లేదని కొన్ని యేండ్లకే విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. వారు కోరి వచ్చినది మన నేతగాండ్ర బట్టలకే. కూతవేటు దూరమున నీలపల్లి, ఇంజరములలో ఇంగ్లీషువారును అందుకొరకే కోఠీలు పెట్టుకొనిరి. యూరపులో ఆ రెండు రాజ్యములకు పోరు వచ్చినప్పుడెల్ల యానాము చేతులు మారుచుండెను. 1814 నాటి పారిసు సంధి ననుసరించి అది ఫ్రెంచివారికి స్థిరముగా దక్కినది. 1839 నవంబరులో వచ్చిన పెనుగాలివాన, ఉప్పెన పొరుగున నున్న కోరంగి రేవును పాడుచేసినవి. ఈ తీరపు వర్తకము మరల వెనుకటి స్థితికి రాలేదు.

రెండవ దినము వీధులు చూచితిని. పుదుచ్చేరిలోవలె ఫ్రెంచి మేడల వరుసలు ఇక్కడ ఉండునని తలచి వెళ్లువారు నిరాశ పడుదురు. 1846లో కట్టిన క్రైస్తవ దేవాలయము మాత్రము ఆ కాలపు పోకడను చూపుచు నిలిచియున్నది. దానిని చూచి మీసాల వెంకన్న గుడికి నడచితిని. మీసములతో దర్శనమిచ్చు వేంకటేశ్వరస్వామి యగుటచే ఆ పేరు వచ్చినది. ఒక పూట కాలినడకలో రెండు దేవాలయములను, చేపల బేరమును, నది గాలిని చూడవచ్చును. బండియెక్కి తిరిగినచో ఇవన్నియు అరగంటలో ముగియును. మనసున నిలుచునది మాత్రము తక్కువ.

మూడవనాడు మంగళవారము. యానాములో మంగళవారపు సంత పాతకాలమునుండి ప్రసిద్ధము. ఇంగ్లీషు సీమలో సుంకముతో ప్రియమగు విదేశ వస్తువులు ఇక్కడ చౌకగా దొరకెడివి గనుక చుట్టుప్రక్కలవారు గుంపులుగా వచ్చెడివారు. సరిహద్దునకు ఇరుప్రక్కల రెండు దొరతనములున్నప్పుడు జనులు తమకు అనుకూలమైన ప్రక్కకు పోవుదురు. సరకుల విషయమున ఇందు వింత లేదు. పెండ్లిండ్ల విషయమున జరిగినదియు ఇదియే.

1929లో శారదా చట్టము పుట్టి 1930 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. బాలికకు 14, బాలునికి 18 యేండ్లు నిండనిదే పెండ్లి చేయుట నేరమయ్యెను. ఆ చట్టము ఇంగ్లీషు ఇండియాకే. దేశీయుల వివాహములను వారి వారి ఆచారములకే విడిచిపెట్టుట ఫ్రెంచివారి పద్ధతి. కావున గోదావరి మండలములవారు చిన్నపిల్లలను పడవలెక్కించి యానాము తెచ్చి పెండ్లిండ్లు చేసికొని మరలిపోవుచుండిరి. ఆ కారణముచేతనే ఈ ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది.

మా నాయనమ్మ ఆ పడవలలో ఒకదానియందు వచ్చినదే. తన పెండ్లినిగూర్చి ఆమెకు జ్ఞాపకమున్నది రెండే సంగతులు: నిద్రమత్తులో తండ్రి భుజముమీద ఏరు దాటుట, తెల్లవాఱినపిమ్మట కాళ్ల పారాణి చూచి యేడ్చుట. మూడవ తరగతి పుస్తకములు పుట్టింటిలోనే ఉండిపోయెను. ముసలితనమున కూడ వార్తాపత్రిక తెచ్చి, "పెద్దక్షరములు నేను చదివెదను, చిన్నవి నీవు చదువుము" అని నన్ను కూర్చుండబెట్టెడిది. ఆమె తండ్రి చెడ్డవాడు కాడు. ఊరిలో పెద్దమనిషి, బిడ్డ మేలు కోరియే ఏరు దాటించితి ననుకొన్నవాడు.

నాలుగవనాడు మెట్టకూరు, కనకాలపేట వైపు నడచి సరిహద్దు వెంబడి తిరిగితిని. ఒకచో ఈ ప్రక్క పొలము యానాముది, ఆ ప్రక్కది ఆంధ్రప్రదేశముది. గట్టుమీద మేయు మేకకు భేదము తెలియదు. 1954 జూను 13న దడాల రఫేల్ రమణయ్యగారు మొదలగువారి నాయకత్వమున జనులు ఈ ఊరిని స్వాధీనము చేసికొని మన జెండా నెత్తిరి. అదే సంవత్సరము నవంబరు 1న పాలన మన దేశమునకు వచ్చినది. 1956లో కుదిరిన ఒడంబడిక 1962 ఆగస్టు 16న పూర్తిగా చెల్లుబాటయ్యెను. జనాభిప్రాయము తెలిసికొనకుండ ఈ ప్రాంతముల పాలనలో మార్పు చేయరాదని ఆ ఒడంబడికలో నున్నది. చుట్టును ఆంధ్రప్రదేశమే యున్నను, 2011 లెక్కలలో 55,626 మంది గల ఈ ఊరు దూరపు పుదుచ్చేరితో కలిసియుండుటకు మూలమిదియే.

నేడు పెండ్లి వయస్సునకు ఈ గట్టు అడ్డు కాదు. బాలికకు 18, బాలునికి 21 యేండ్లను విధి ఇరువైపుల నొక్కటే. కాని దొంగచాటు పెండ్లిండ్లు నిలిచిపోలేదు. ఒకచో కాగితములలో వయస్సు మార్చుదురు, ఒకచో దూరపు గుడిలో రాత్రివేళ తాళి కట్టింతురు. దాటుటకు ఏరు లేకున్నను పడవ కట్టుచునే యున్నారు. ఊళ్లో అటువంటి మాట మొదట వినబడునది పెద్దల అరుగులమీదనే గనుక, దానిని అక్కడనే ఆపగలవారును పెద్దలే.

వీలైనచో మీరును యానాము వెళ్లుడు. రెండు మూడు దినములు ఉండి, ఉదయమున నదీతీరమును, సాయంకాలమున వీధులను నడచి చూడుడు. మంగళవారము కలిసివచ్చునట్లు చూచుకొనుడు. ఇంట చదువుకొను మనుమరాలున్నచో ఆమెను వెంట తీసికొని పొండు. ఎదుర్లంక వంతెనమీద కొంతసేపు నిలిచి, క్రింది నీటిని చూపి, ఆ పడవల కథ చెప్పుడు.