ఒక సున్నా, దాని కింద ఆరు సున్నాలు

పిల్లలూ, ఇవాళ్టి కబుర్లకి ఒక తెల్లకాగితం, పెన్సిలూ తెచ్చుకోండి. ఆరో ఎక్కం వస్తే చాలు, లెక్క అర్థమైపోతుంది. ఈ లెక్క ఎవరూ చెప్పక, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఎందరో అమ్మానాన్నలు ఫీజుకని పంపిన డబ్బు పోగొట్టుకున్నారు. అందుకే పనిగట్టుకుని చెబుతున్నాను.

కాలేజీలో సీనియరో, వేలువిడిచిన బావో ఫోను చేస్తాడు. "మంచి బిజినెస్ ఉంది, ఆదివారం మీటింగుకి రా" అంటాడు. కంపెనీ పేరు మాత్రం చెప్పడు. అక్కడ బోర్డు మీద ఒక సున్నా చుడతారు. అది నువ్వట. దాని కింద ఆరు సున్నాలు. "ఆరుగురిని చేర్పించలేవా? వాళ్లు తలా ఆరుగురిని తెస్తే ఇక నువ్వు కూర్చుని తినొచ్చు" అంటారు. గీసేవాడు మూడో వరస దగ్గర ఆపేస్తాడు. మనం ఆపకుండా గీద్దాం.

6, 36, 216, 1,296, 7,776, 46,656... తొమ్మిదో వరసకి కోటి దాటుతుంది. పన్నెండో వరస నిండాలంటే 217 కోట్ల మంది కావాలి. మన దేశంలో ఉన్నది 140 కోట్ల పైచిలుకు. పదమూడో వరసకి 1,306 కోట్లు. భూమ్మీద ఉన్న మనుషులందరూ కలిసినా 800 కోట్లు దాటి కొంచెమే.

"అంతవరకూ ఎందుకు తాతయ్యా, మేం ముందుగా చేరిపోతే సరి కదా" అంటారేమో. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మూడు వరసలు నిండాక మొత్తం ఎందరో కూడండి. 1, 6, 36, 216 కలిపితే 259. అందులో అట్టడుగున ఉన్నవాళ్లే 216 మంది, అంటే నూటికి 83. ఇంకో వరస చేర్చి చూడండి: 1,555 మందిలో 1,296 మంది. మళ్లీ నూటికి 83! పథకం మొదలైన నెలకి ఆగినా, పదేళ్లకి ఆగినా ఆరుగురిలో అయిదుగురి కింద ఎవరూ ఉండరు. చేరేటప్పుడు కట్టిన డబ్బు తిరిగి రావాలంటే కింద రెండు వరసలు నిండాలనుకుందాం. అప్పుడు ఆ 259 మందిలో గట్టెక్కేది ఏడుగురే. మిగతా 252 మందినీ "నువ్వు కష్టపడలేదు, నీ మైండ్‌సెట్ బాగోలేదు" అని తిడతారు. అది ఘోరమైన అన్యాయం. ఆ పిల్లలు ఎంత కష్టపడినా లెక్క మారదు. పెళ్లిలో మొదటి బంతి భోజనం ఖర్చు రెండో బంతివాళ్లు, వాళ్ల ఖర్చు మూడో బంతివాళ్లు పెట్టుకుంటూ పోతే, ఆఖరి బంతివాళ్లు డబ్బు కట్టి ఖాళీ విస్తళ్ల ముందు కూర్చోవాలి.

మరి ఇలా మనుషుల్ని చేర్చుకుంటూ సరుకు అమ్మే నెట్‌వర్క్ మార్కెటింగ్ అంతా మోసమేనా? కాదు. ఇంటింటికీ వెళ్లి సరుకు అమ్మి, అమ్మినదాని మీద కమీషన్ తీసుకోవడం నిజాయితీ గల పనే. కొనేవాళ్లు ఆ సబ్బునో నూనెనో వాడుకోవడానికి కొంటే అది వ్యాపారం. చేరినవాళ్లే చేరడం కోసం కొంటుంటే అది గొలుసు. సరుకు కళ్లెదుట ఉన్నంత మాత్రాన నమ్మకండి. బజార్లో రెండొందలకి దొరికేలాంటి వస్తువుకి రెండువేలు పెట్టారంటే, మిగతా పద్ధెనిమిది వందలు ఎక్కడికి పోతున్నాయి? చాలావరకు పైవరసలకే. గొలుసులో లేనివాడు అదే ధరకి ఆ వస్తువు కొంటాడా? నన్నడిగితే ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఏది వ్యాపారమో ఏది గొలుసో తేల్చడం కోర్టులకీ, ప్రభుత్వ సంస్థలకీ తేలిక వ్యవహారం కాలేదు. అమెరికాలో 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆమ్వే అనే కంపెనీది పిరమిడ్ పథకం (అంటే ఇలాంటి గొలుసు) కాదని తేల్చింది. మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవడం, కొన్న సరుకులో 70 శాతం కదిలాకే, నెలకి పదిమంది బయటి ఖాతాదారులకి అమ్మాకే బోనస్ ఇవ్వడం లాంటి నియమాలు అక్కడ ఉన్నాయని చూసింది. ఆదాయం గురించి గొప్పలు చెప్పడాన్ని మాత్రం తప్పుపట్టింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో అదే కంపెనీ పథకాన్ని పరిశీలించి, అది 1978 నాటి మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం కిందికి వచ్చేలా ప్రాథమికంగా కనబడుతోందని చెప్పింది. పెద్దపెద్ద సంస్థల దగ్గరే ఇంత వాదన నడిచిందంటే, పేరు కూడా చెప్పని ఆదివారం మీటింగు దగ్గర మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇలా నేరుగా అమ్మే (డైరెక్ట్ సెల్లింగ్) వ్యాపారానికి నిబంధనలు తెచ్చి పిరమిడ్ పథకాలని నిషేధించింది. అమ్మేవాళ్లతో కంపెనీ ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. అది అడగండి. మనసు మార్చుకుంటే ఎన్నాళ్లలోగా తప్పుకోవచ్చో అందులో వెతకండి. "రేపటికి సీట్లు ఉండవు, ఇప్పుడే కట్టు" అంటే లేచి వచ్చెయ్యండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. అమ్మకో నాన్నకో చెప్పండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి, పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. పోయింది రాబట్టుకోవాలని మీ తమ్ముణ్ణో స్నేహితుణ్ణో మాత్రం అందులోకి లాగకండి. 1978 చట్టం ప్రకారం అలాంటి పథకం నడపడమే కాదు, సభ్యుల్ని చేర్పించడమూ నేరమే. దానికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.