దొంగ మళ్లీ వస్తాడు

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని ఎద్దేవా చేస్తాం. నేరశాస్త్రం ఆ కుక్కల్ని అంత తేలిగ్గా తీసిపారేయదు. ఆర్నెల్లు ఆగకుండా మర్నాడే మొరగండి చాలు, అంటుంది.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు దగ్గర్లో రోచ్‌డేల్ అనే పట్టణం ఉంది. అందులో కిర్క్‌హోల్ట్ రెండు వేల పైచిలుకు అద్దె ఇళ్ల కాలనీ. 1980ల మధ్యలో అక్కడ ఇళ్లలో దొంగతనాలు విపరీతం. పరిశోధకులు పోలీసు రికార్డులు తిరగేశారు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లతో, ఇరుగుపొరుగుతో, చివరికి పట్టుబడ్డ దొంగలతో కూడా మాట్లాడారు. ఒకసారి దొంగ పడిన ఇంట్లో మళ్లీ పడే అవకాశం మిగతా ఇళ్లకన్నా నాలుగు రెట్లని తేలింది. ఇలాంటి రెండో దొంగతనాలు ఎక్కువగా తొలి కొద్ది వారాల్లోనే జరుగుతాయి.

‘పోయిందేదో పోయింది, ఇంక వాడికిక్కడ ఏం పని?’ అనుకుంటాం మనం. వాడి లెక్క వేరు. ఏ కిటికీ గడియ వదులో, బీరువా ఏ గదిలో ఉందో వాడికిప్పుడు తెలుసు. మోయలేక వదిలేసిన సామానూ గుర్తుంది. బీమా ఉన్న ఇల్లయితే పోయిన టీవీ స్థానంలో కొత్తది వస్తుందనీ తెలుసు. పక్కిల్లు అదే నమూనాలో కట్టి ఉంటే అదీ చూసేసినట్టే. అందుకే చుట్టుపక్కల కొన్ని వందల మీటర్ల మేర ఓ నెలా రెండు నెలలు ముప్పు పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

కిర్క్‌హోల్ట్‌లో గ్యాస్‌కీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లుండేవి. ఇంటింటా ఓ హుండీ పెట్టినట్టే. వాటిని తీయించారు. దొంగ ఏ దారిన వచ్చాడో చూసి అక్కడి తాళాలు, గడియలు మార్చారు. ఆ ఇంటిని కనిపెట్టి ఉండమని చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లకు మాత్రమే చెప్పారు. తెలివంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. కాలనీ మొత్తానికి కరపత్రాలు పంచితే ఎవరి పనీ కాకుండా పోతుంది. పక్కింటాయనకు ‘ఈ నెలరోజులూ కాస్త చూస్తుండండి’ అని చెబితే తప్పకుండా చూస్తాడు. దొంగతనాలు మొదటి ఏడాదే సగానికి పైగా, మూడేళ్లలో 75 శాతం తగ్గాయి.

కార్ల సంగతిలోనూ దొంగ చూసేది సులువే. ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే శక్తి అందుకుని తన కోడ్ చెబుతుంది. కోడ్ సరిపోకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు. అమెరికాలో హ్యుందాయ్, కియా కంపెనీలు ఆ ఖర్చు మిగుల్చుకుని, చాలా మోడళ్లను ఇమ్మొబిలైజర్ లేకుండానే అమ్మాయి. 2021, 2022లలో మిల్వాకీ వంటి నగరాల్లో కుర్రాళ్లు ఇగ్నిషన్ పెకలించి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి, వాటిని తోలుకుపోయారు. 2007 నుంచే ఇమ్మొబిలైజర్ తప్పనిసరైన కెనడాలో అవే కంపెనీల కార్లతో ఈ ఆట సాగలేదు.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం ఉంది. సంక్రాంతికి ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే, ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా ఉచితంగా బిగిస్తారు. మంచి ఏర్పాటే. కాకపోతే తాళం వేసిన రోజులకే అది పరిమితం. దొంగ పడిన ఇంటికి తర్వాతి నెలన్నర ఆ కెమెరా బిగిస్తే కిర్క్‌హోల్ట్ పాఠం వంటబట్టినట్టు.

బటన్ నొక్కితే స్టార్టయ్యే కారున్నవాళ్లకు ఇంకో మాట. ఆ తాళంచెవి కారుతో మీటరో రెండు మీటర్లో దూరం నుంచే మాట్లాడుతుంది. గుమ్మం పక్క కొక్కేనికి తగిలిస్తే, ఒక దొంగ తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర చెరో పరికరంతో నిలబడి ఆ సంకేతాన్ని సాగదీస్తారు. కారు మోసపోతుంది. మూత బిగుతుగా పట్టే లోహపు డబ్బాలో పెడితే సాధారణంగా సంకేతం బయటికి రాదు. డబ్బా చేత్తో పట్టుకుని కారు దగ్గరికెళ్లి హ్యాండిల్ లాగి చూడండి. తలుపు తెరుచుకుంటే డబ్బా మార్చండి.