కారు వెనుక అద్దము మార్చుట

ఇంటిలో అద్దము పగులుట అశుభమని మన పెద్దలు తలచెడివారు. కారు అద్దము విషయమున శుభాశుభముల మాట ఎట్లున్నను, చేతి చమురు వదలుట మాత్రము నిశ్చయము. మెర్సిడెస్, బి.ఎం.డబ్ల్యు., ఆడి వంటి ఖరీదైన కార్ల వెనుక అద్దమైనచో ఆ వ్యయము మరింత అధికము. అయినను మేము ఇచ్చట ముఖ్యముగ చెప్పదలచినది ఆ అద్దమును మార్పించునపుడు యజమానులు పడు తొందరను గురించి, దాని వలన కలుగు అపాయమును గురించి.

హైదరాబాదులో మా మిత్రుల ఇంట జరిగిన సంగతి ఒకటి కలదు. వీధిలో పిల్లలు క్రికెట్టు ఆడుచుండగా గట్టి బంతి యొకటి వచ్చి, ఇంటి ముందు నిలిపియున్న కారు వెనుక అద్దమునకు తగిలెను. అద్దమంతయు ఒక్క పెట్టున జలజల రాలిపోయెను. కొత్త అద్దము తెప్పించుటకు కొన్ని దినములు పట్టెను. తీరా అది వచ్చిన మరునాడే విజయవాడలో వారి మేనకోడలి పెండ్లి. పనివాడు సాయంకాలము ఆరు గంటలకు అద్దము అమర్చి చేతులు తుడుచుకొనెను. "ఇక బయలుదేరవచ్చునా?" అని మిత్రుడు అడిగెను. అందుకు పనివాడు, "సార్, అద్దం పెట్టడం నా పని. పట్టుకోవడం గమ్ము పని. దాన్ని నేను తొందరపెట్టలేను. రేపు పొద్దుటిదాకా బండి కదపకండి" అనెను. మిత్రుడు విసుగుకొనెను గాని, తుదకు కుటుంబముతో రాత్రి రైలెక్కెను. ఆ పనివాని మాటలో ఎంత సత్యమున్నదో తెలియవలెనన్నచో, ముందుగా ఆ అద్దమెట్టిదో తెలిసికొనవలెను.

కారు ముందు అద్దము, వెనుక అద్దము చూపునకు ఒక్క తీరుగనే ఉండును గాని, వాని పుట్టుక వేరు. ముందు అద్దము రెండు పలుచని గాజు పలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఉంచి అతికించినది. దీనినే లామినేటెడ్ గ్లాస్ అందురు. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో గాజు కుప్పె యొకటి క్రింద పడెను. అది పగిలెను గాని ముక్కలు విడిపోలేదు. లోపల ఎన్నడో ఉండిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రవము ఎండి, పొరగా ఏర్పడి, ముక్కలను పట్టియుంచెను. దానిని చూచి ఆయన చేసిన కృషికి 1909లో పేటెంటు లభించెను. ముందు అద్దమునకు రాయి తగిలినపుడు చిన్న గాటు పడియు అది నిలిచియుండుటకు ఈ నడిమి పొరయే కారణము. అట్టి చిన్న గాటును పూడ్చుటయు సాధ్యమే.

వెనుక అద్దము సాధారణముగ ఒంటి పలక. దీనిని టఫెన్డ్ గ్లాస్ అందురు. పలకను కోరిన కొలతకు కోసి, 600 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడికి తెచ్చి, కావలసిన వంపునకు వంచి, ఇరువైపుల నుండి చల్లని గాలిని వేగముగ విసరుదురు. పై పొరలు ముందుగా గట్టిపడును. లోపలి భాగము ఆలస్యముగ చల్లారి, కుంచించుకొనుచు, పై పొరలను తనవైపు లాగును. ఆ విధముగ పై పొరలయందు నొక్కుడు, లోపల లాగుడు శాశ్వతముగ నిలిచిపోవును. అందువలన ఆ అద్దము మామూలు గాజు కంటె నాలుగైదు రెట్లు దృఢమగును. కాని ఏదేని గాటు ఆ పై పొరను దాటి లోపలికి చేరెనా, అణగియున్న బలమంతయు ఒక్కసారిగ విడుదలై, అద్దమంతయు శనగగింజలంతేసి పలుకులుగ రాలిపోవును.

ఈ వింత లోకమునకు కొత్తది కాదు. కరిగిన గాజు బొట్టును నీటిలో పడవేసినచో తోకగల గింజవలె గట్టిపడును. దాని తల సుత్తి దెబ్బకు ఓర్చును, తోక తుంచినచో మొత్తము పొడియగును. ప్రిన్స్ రూపర్ట్ ఇంగ్లండుకు తెచ్చిన ఇట్టి బొట్లను 1661లో లండనులోని రాయల్ సొసైటీ పండితులు పరీక్షించిరి. మన కారు వెనుక అద్దము ఆ గాజు బొట్టునకు దగ్గరి చుట్టమే.

దీని వలన మనకు తెలియవలసినవి రెండు. ఈ అద్దము కత్తులవంటి పొడవైన ముక్కలుగ పగులదు గనుక వెనుక కూర్చున్నవారికి లోతైన గాయములు తగులుట అరుదు. అది మేలు. అయితే దీనిని బాగుచేయుట అను మాట లేదు. పగిలినచో మార్చవలసినదే. ఒకసారి గట్టిపరచిన పిమ్మట దీనిని కోయుటకు గాని, తొలుచుటకు గాని వీలులేదు గనుక, కొంచెము తేడాగల అద్దమును తెచ్చి సరిపెట్టుటయు సాధ్యము కాదు. కొన్ని ఖరీదైన కార్లలో మాత్రము బయటి సద్దు లోనికి రాకుండుటకై వెనుకను గూడ లామినేటెడ్ అద్దమునే అమర్చుదురు.

ఇక ఆ అద్దములో ఇమిడియున్న పనిముట్లను చూడుడు. అడ్డముగ కనబడు సన్నని గోధుమరంగు గీతలు వెండి కలిసిన పూతతో అచ్చువేసి గాజుపై కాల్చినవి. మీట నొక్కినచో విద్యుత్తు వాని గుండ ప్రవహించి, వెచ్చదనము పుట్టి, అద్దముపై పట్టిన మంచు, ఆవిరి తొలగిపోవును. మన ప్రాంతమున వర్షాకాలమందు దీని ప్రయోజనము తెలియును.

రేడియో వినువారికి మరింత ఆసక్తికరమైన సంగతి యొకటి కలదు. ఒకప్పుడు మన ఇండ్లపై రెండు గడల నడుమ ఏరియల్ తీగ కట్టెడివారము. కార్లకు ముక్కుపుల్లవలె పొడవైన ఏరియల్ ఉండెడిది. నేడు అనేకములగు ఖరీదైన కార్లలో ఆ ఏరియల్ వెనుక అద్దములోని సన్నని గీతలలో దాగియున్నది. కొన్నిటియందు వేడిమి గీతలే ఏరియల్ పనిని గూడ చేయును. వేడిమికై పోవు విద్యుత్తు రేడియో సంకేతమును చెడగొట్టకుండ నడుమ తీగచుట్టలను, సంకేతమును బలపరచుటకు అద్దము ప్రక్కన స్తంభములో చిన్న యాంప్లిఫయరును అమర్చుదురు. అద్దము మార్చినపుడు ఈ తీగను కలుపుట మరచినను, ఏరియల్ లేని అద్దమును తెచ్చినను, సమీప కేంద్రము వినబడుచునే యుండును గాని దూరపు కేంద్రములు బుసబుసలలో కలిసిపోవును. అప్పుడు యజమాని రేడియో చెడినదని తలచి దానిని విప్పించును. దోషము రేడియోలో లేదు, అద్దమునందున్నది.

అందువలన అద్దము తెప్పించుటకు ముందు కారు ఛాసిస్ నంబరును అంగడివానికి ఈయవలెను. 17 అక్షరములు, అంకెలు గల ఆ నంబరును బట్టి ఆ కారునకు ఏ అద్దము పుట్టినదో తెలియును. ఒకే పేరు, ఒకే ఏడు గల రెండు కార్లలో సైతము అద్దములు భిన్నముగ ఉండవచ్చును. వచ్చిన అద్దము మూలనున్న ముద్రను గూడ చూడవలెను. మన దేశపు ప్రమాణమైనచో ఐ.ఎస్. 2553 అనియు, ఐరోపా ప్రమాణమైనచో వలయములో ఈ అను ఆంగ్లాక్షరము, దాని ప్రక్క ఒక అంకె ఉండును.

అద్దము వచ్చులోపల ఏమి చేయవలెను? పగిలిన చోటును ఫోటో తీయించి, బీమా కంపెనీకి తెలియజేసి, ఆ రంధ్రమును ప్లాస్టిక్ గుడ్డతో కప్పి, కారును నీడపట్టున నిలుపుట ఉత్తమము. వెనుక అద్దము లేని కారులో దూర ప్రయాణము తగదు. వేగముగ పోవు కారు వెనుక గాలి ఒత్తిడి తగ్గును. పొగగొట్టము నుండి వచ్చు విషవాయువు ఆ రంధ్రము గుండ లోనికి ఈడ్వబడును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. వెనుక కూర్చున్న పసిబిడ్డలకు తల తిరుగుచున్నచో అది ఎండ వలనననుకొని మనము ఊరకుందుము. ప్లాస్టిక్ గుడ్డ కప్పితిమి గదా యని ధైర్యపడరాదు. అది గాలికి చినుగును.

ఇప్పుడు అమర్చు పనికి వత్తము. 2014లో నిర్మాణము ఆగిపోయిన మన అంబాసిడర్ కారునకు అద్దము చుట్టు రబ్బరు బీడింగు ఉండెడిది. పనివాడు రబ్బరు గాడిలో తాడు చుట్టి, అద్దమును బయటనుండి నొక్కి పట్టుకొని, లోపలినుండి తాడు లాగుచు రబ్బరు అంచును చట్రముపైకి ఎక్కించెడివాడు. పని ముగిసిన క్షణముననే కారు బయలుదేరెడిది. నేటి కార్ల అద్దము అట్లు కాదు. అది పాలీయురెథేన్ అను జిగురుతో కారు బాడీకి అతికియుండును. ఆ అతుకుతో అద్దము బాడీలో ఒక భాగమై దాని బిగువునకు తోడ్పడును. అద్దము అంచున కనబడు నల్లని పట్టీ అలంకారము కాదు. సూర్యుని అతినీలలోహిత కిరణములు తగిలి జిగురు చెడకుండ కాపాడుటకే అది యున్నది.

మంచి పనివాడు మొదట సీట్ల సందులలో, బెల్టు రంధ్రములలో, వెనుక స్పీకర్ల జాలీలో చేరిన గాజు పలుకులను వాక్యూమ్ యంత్రముతో తీయును. పిమ్మట చట్రముపై మిగిలిన పాత జిగురును పూర్తిగ గీకివేయక, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందము మిగులునట్లు కత్తితో సమముగ కోయును. క్రొత్త జిగురు ఆ తాజా కోతపై చక్కగ పట్టును. కత్తి తగిలి రంగు లేచిన చోట ప్రైమరు పూయకున్నచో అక్కడనే త్రుప్పు మొదలగును. అద్దము అంచును శుభ్రపరచి, ప్రైమరు పూసి, ఆపై వ్రేలు తగులనీయడు. జిగురును తెగిపోకుండ ఒకే వరుసగ చట్రము చుట్టు పోసి, పైపొర ఆరకమునుపే అద్దమును రబ్బరు పట్టులతో ఎత్తి ఒక్కసారిగ సరియైన చోట ఉంచును.

ఇక మిగిలినది నిరీక్షణ. ఈ జిగురు వేడికి ఎండునది కాదు, గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడునది. బయటి అంచున మొదలై క్రమముగ లోనికి పోవును. దినమునకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడునని స్థూలముగ చెప్పవచ్చును. చలిగను, పొడిగను ఉన్న దినములలో ఇంకను ఆలస్యమగును. సముద్రతీరపు ఉక్క మనకు బాధాకరమే గాని జిగురునకు అనుకూలము. కారు కదలించుటకు ఎన్ని గంటలు ఆగవలెనో జిగురు తయారుచేసినవారు గొట్టముపై గాని, దానితో వచ్చు కాగితముపై గాని తెలుపుదురు. కొన్నిటికి ఒక గంట చాలును, కొన్నిటికి ఎన్నో గంటలు కావలెను. పైకి గట్టిపడినట్లు కనబడినను లోపల మెత్తగనే యుండును. ఆ స్థితిలో గతుకుల బాటపై పోయినచో అద్దము వెంట్రుకవాసి జరుగును. ఆ సందున వాన నీరు చేరి, త్రుప్పు పట్టి, క్రమముగ అతుకే ఊడును. ప్రమాదము జరిగినచో అద్దము నిలువదు. ఆలస్యము అమృతమును విషము చేయునందురు గాని, ఇచ్చట నిదానమే ప్రధానము.

ఆ మొదటి దినమున పాటింపవలసినవి స్వల్పములే. ఒక కిటికీ అద్దమును వ్రేలెడు దించియుంచవలెను. అన్నియు మూసి తలుపును దబాలున వేసినచో లోపలి గాలి క్రొత్త అద్దమును బయటకు నెట్టును. ఒకటి రెండు దినములు కారును ఒత్తిడి నీటితో కడిగింపరాదు, వేడిమి మీటను నొక్కరాదు. తరువాత ఆ మీటను నొక్కి, తడిసిన అద్దముపై గీతలన్నియు ఆవిరిని పోగొట్టుచున్నవో లేదో చూడవలెను. రేడియోలో దూరపు కేంద్రమునొకదానిని పెట్టి వినవలెను. అద్దము లోపలి ముఖమును తుడుచునపుడు గీతల వెంబడి తుడువవలెను. అడ్డముగ గీకినచో గీత తెగును. అచ్చట అంటించిన కాగితములను ఊడబెరుకుటయు ఇట్టిదే.

బీమా విషయము. మన దేశమున సమగ్ర బీమా గలవారికి గాజు భాగములపై తరుగుదల కోత లేదు. 1500 సి.సి. మించిన ఇంజను గల కారునకు యజమాని తప్పనిసరిగ భరింపవలసిన మొదటి భాగము రూ. 2000. అయితే పరిహారము కోరినచో, ప్రత్యేక రక్షణ తీసికొననిచో, నో క్లెయిమ్ బోనసు పోవును. ఐదేండ్లు పరిహారము కోరనివారికి అది నూటికి 50 వంతులు. రెండును లెక్కవేసి నిర్ణయించుకొనవలెను. నల్లని అద్దము కోరువారు మరియొకటి గమనింపవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 100వ నియమము ప్రకారము వెనుక అద్దము గుండ నూటికి 70 వంతుల వెలుగైనను ప్రసరింపవలెను.

మా మిత్రుడు పెండ్లినుండి తిరిగివచ్చి కారును తెచ్చుకొనెను. ఆ తరువాత వచ్చిన వానలలో ఒక్క చుక్కయైనను లోనికి రాలేదు. కారు ఏదైనను, అద్దము అమర్చువానిని ప్రతి యజమాని అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "ఈ జిగురు పట్టుటకు ఎన్ని గంటలు కావలెను?" దానికి సూటిగ సమాధానము చెప్పగలవానికే పని అప్పగింపవలెను. చెప్పిన పిదప ఆ గంటలు ఆగవలెను.