గిటార్ గొంతెత్తిన వేళ

రాక్ సంగీతం అంటే చెవులు చిల్లులు పడే మోత అని మనలో చాలామంది అభిప్రాయం. హెవీ మెటల్ పేరెత్తితే ఇక చెప్పనే అక్కర్లేదు! ఆ అభిప్రాయంతో తగవు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ మోత నడుమ, గాయకుడు నోరు మూసుకున్నాక, ఒక్క గిటార్ ముందుకొచ్చి కొద్దిసేపు తానే మాట్లాడుతుంది. దాన్నే సోలో అంటారు. అది పాటకు తగిలించిన నగ కాదనీ, మంచి సోలో పాట అర్థంలోనే ఒక భాగమనీ నా వాదన. 1987, 1988 సంవత్సరాలలో వచ్చిన మూడింటిని సాక్ష్యంగా తీసుకుని ఆ మాట నిరూపించే ప్రయత్నం చేస్తాను.

ముందు ఆ వాద్యం సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. దీని పేరు పికప్. ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే తరంగాల శిఖరాలు తెగిపోయి ధ్వని బొంగురుపోతుంది. ఫిజిక్సు లాబ్‌లో ఇది లోపం. రాక్ వాళ్ళకి ఇదే వరం! ఎందుకంటే శిఖరం తెగిన నాదం చప్పున ఆరిపోదు, చాలాసేపు నిలుస్తుంది. నిలిచింది కాబట్టే తీగను పక్కకి లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు, ఊపవచ్చు, ఏడిపించవచ్చు. మన వైణికులు మెట్ల మీద తీగ లాగి గమకం పలికించడం ఇలాంటి పనే.

మామూలు మాండొలిన్‌కి కూడా నాదం త్వరగా ఆరిపోవడమే పెద్ద ఇబ్బంది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు అదే ఎనభైలలో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా పలికించి పండితుల చేత శభాష్ అనిపించుకున్నారు. సంగీతం వేరైనా, విద్యుత్తు చేసిన సాయం ఒకటే.

రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాడే అయిదు స్వరాల మైనర్ పెంటటానిక్ స్కేలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే. స్వీడన్‌కు చెందిన ఇంగ్వే మామ్‌స్టీన్ 1984 నుంచి తన ఆల్బమ్‌లలో మెరుపు వేగంతో వాయించిన హార్మోనిక్ మైనర్‌కి మన దగ్గర కీరవాణి అని పేరు. గమకాలు, నడక మారితే రాగం మారిపోతుందనుకోండి. కానీ చెవికి ఒక దారి దొరుకుతుంది.

ఇక సాక్ష్యాలకు వద్దాం. మొదటిది 1987లో జో శాట్రియానీ విడుదల చేసిన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్'. ఇందులో గాయకుడే లేడు, భారమంతా గిటార్‌దే. అయినా 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ' వింటే ఎవరో ఊపిరి తీసుకుంటూ పాడుతున్నట్టే ఉంటుంది. కారణం వేగం కాదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య వదిలిన ఖాళీ. వేగం చేతకాక అలా వదిలాడనుకోవద్దు. అదే ఆల్బమ్‌లో 'శాచ్ బూగీ' వింటే ఆ అనుమానం తీరిపోతుంది.

రెండోది గన్స్ ఎన్ రోజెస్ వారి 'స్వీట్ చైల్డ్ ఓ మైన్'. ఆల్బమ్ 1987లో వచ్చింది. 1988లో ఈ పాట అమెరికా జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. పాట మొదట్లో అంతా మురిపెం. సోలో దగ్గరకొచ్చేసరికి శ్రుతిలో నీడ కమ్ముకుంటుంది. స్లాష్ తొందరపడకుండా విషాదంగా మొదలుపెట్టి, తరువాత వావా పెడల్ తొక్కి గిటార్ చేత అరిపిస్తాడు. ఆ పెడల్ చేసే పని మనం 'వా' అన్నప్పుడు నోరు చేసే పనే. ఆ తరువాత గాయకుడు తిరిగొచ్చి, ఇప్పుడిక ఎటు పోవాలని పదే పదే అడుగుతాడు. దాదాపు ఆరు నిమిషాల ఈ పాటను రేడియో కోసం కుదించినప్పుడు కత్తెర పడింది ముఖ్యంగా సోలో మీదే! అలా కోసిన ప్రతి విన్నారంటే మురిపెం నుంచి కలవరానికి పాట ఎందుకు దూకిందో బోధపడదు. సోలో కేవలం అలంకారమైతే ఇలా జరగదు కదా?

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, 1988లో మెటాలికా బృందం చేసిన 'వన్'. డాల్టన్ ట్రంబో 1939 నాటి యుద్ధ వ్యతిరేక నవల 'జానీ గాట్ హిజ్ గన్' దీనికి ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళు, చేతులు, చూపు, వినికిడి, మాట అన్నీ పోయి తెలివి మాత్రం మిగిలిన సైనికుడి కథ అది. పాట మెల్లగా మొదలై, చివరికి డ్రమ్ములు మరతుపాకీలా పేలుతాయి. అప్పుడు కిర్క్ హామెట్ రెండు చేతుల వేళ్ళతోనూ తీగలను మెట్ల మీద కొడుతూ సోలో అందుకుంటాడు. ట్యాపింగ్ అనే ఈ పద్ధతిని 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ ప్రపంచమంతా పాకించాడు. అక్కడ అది సంబరం. ఇక్కడ అదే పద్ధతి గోడలకేసి తల బాదుకుంటున్నట్టు వినిపిస్తుంది. నోరు లేని మనిషి తరఫున ఎవరు అరవాలి? మాటలు అరవలేవు. గిటార్ అరిచింది. ఈ హామెట్ పైన చెప్పిన శాట్రియానీకి శిష్యుడు కూడా!

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నిమిషానికి ఎన్ని స్వరాలు అన్న పందెంతో వాయించిన సోలోలు కోకొల్లలు. వాటిని కోసి పారేసినా పాటకు లోటేమీ రాదు. వినేవాళ్ళకీ మొహం మొత్తింది. 1991లో నిర్వాణా బృందం వచ్చి గాలి తిప్పేసింది. వాళ్ళ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో కర్ట్ కొబెయిన్ సోలో గాయకుడి వరసనే తిరిగి పలుకుతుంది, అంతే. గారడీ ఏమీ లేదు.

కాబట్టి మిత్రులకు నేను చెప్పేది ఒక చిన్న పరీక్ష. పాట ఏదైనా సరే, సోలో తీసేసినట్టు ఊహించండి. కథ చెక్కుచెదరకపోతే అది గారడీ. కథ కుంటుపడితే అది సంగీతం. మెటల్‌కే కాదు, మన కచేరీల్లోని స్వరకల్పనకూ ఈ పరీక్ష పనికొస్తుందని నా నమ్మకం. విని చూసి తీర్పు మీరే చెప్పండి.